తాళం వేసిన నీడ

ఆసుపత్రి తోటకి తాళం ఎందుకు వేస్తారో నాకు ఎవరైనా చెప్పాలి.

మా మరిదికి ఇక్కడ రాయ్‌పూర్‌లో పిత్తాశయం తీసేశారు. రాళ్ళు ముదిరి చీము పట్టింది. చిన్న గాట్లతో అయ్యే పని కాక పొట్ట కోసే చేయాల్సి వచ్చింది. వైద్యం బాగా చేశారు, ఆ డాక్టర్ల కడుపు చల్లగా ఉండాలి. మంచం దిగగానే నడిపించమన్నారు, కాస్త గాలి తగలనివ్వమన్నారు. వార్డు బయట వరండా నిండా చాపలు, సంచులు, క్యారియర్లు, ఒకరికొకరు ఒత్తుకుని పడుకున్న మనుషులు. చెయ్యి పట్టుకుని లిఫ్టులో కిందికి దించాను. గేటు పక్కనే తోట ఉంది. కత్తిరించిన పచ్చిక, గులాబీలు, మధ్యలో టైల్సు బాట, రెండు సిమెంటు బెంచీలు, ఒక మూల గుబురుగా పెరిగిన కానుగ చెట్టు. చుట్టూ ఛాతీ ఎత్తు ఇనప కంచె. కంచెకి గేటు, గేటుకి గొలుసు, గొలుసుకి తాళం.

"మాతాజీ, అందర్ జానా మనా హై" అన్నాడు కాపలా కుర్రాడు, లోపలికి వెళ్ళకూడదట. మరి ఈ తోట ఎవరికోసం బాబూ అని అడిగితే "దేఖ్‌నే కే లియే" అన్నాడు. చూడ్డానికట. అతని తప్పేం లేదు, మహాసముంద్ వైపు పల్లెటూరి పిల్లాడు, పైవాళ్ళు చెప్పిన మాట చెప్పాడు. మా మరిది ఒక చేత్తో కంచె ఊచ పట్టుకుని, రెండో చెయ్యి కుట్ల మీద పెట్టుకుని, ఆ చెట్టు నీడకేసి చూస్తూ ఎండలో నిలబడ్డాడు. కాసేపటికి "పదండి వదినా, పైకెళ్ళిపోదాం" అన్నాడు. నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. ఒక్కదాని పేరు రాస్తే మిగతావన్నీ తప్పించుకుంటాయి.

రోజర్ ఉల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా ఆపరేషన్ అయినవాళ్ళ కేసు కాగితాలు తిరగేశాడు. ఆ ఆపరేషన్ కూడా మా మరిదికి అయినదే, పిత్తాశయం తీసేయడం. గదులన్నీ ఇంచుమించు ఒకటే, చూసుకునే నర్సులూ వాళ్ళే. కొన్ని కిటికీల్లోంచి చెట్లు కనిపిస్తాయి, కొన్నింటిలోంచి గోధుమరంగు ఇటుక గోడ. వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు వగైరాలు సరిచూసి జతలు కట్టి 46 మందిని పోల్చాడు. చెట్లు కనిపించినవాళ్ళు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులున్నారు, గోడ కనిపించినవాళ్ళు 8.70 రోజులు. చెట్లవైపు వాళ్ళు నొప్పికి ఘాటు మందులు తక్కువ వాడారు. దిగులుగా ఉన్నారనీ, ధైర్యం చెప్పాల్సి వచ్చిందనీ నర్సులు రాసుకున్నది గోడవైపు వాళ్ళ గురించే ఎక్కువ.

ముప్పావు రోజు తేడాయే కదా అనకండి. బస్తర్ నుంచి, ఒడిశాలోని నువాపడా, కలహండి నుంచి రాయ్‌పూర్ వచ్చి పడిగాపులు పడేవాళ్ళని చూస్తే తెలుస్తుంది. రోగి వెనక ఇద్దరు కూలిపని మానుకుని వస్తారు. ముప్పావు రోజంటే వాళ్ళకి రెండు కూలీలు, ఒక పూట తిండి. అదీ కిటికీలోంచి చూసినందుకే. మా మరిది చెట్టుకి పది అడుగుల దూరంలో నిలబడ్డాడు, మధ్యలో గొలుసు.

రాయ్‌పూర్‌ని తిట్టడానికి కూర్చోలేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఇది నాకు అన్నం పెట్టిన ఊరు. మామగారు రైల్వేలో, వేగన్ రిపేర్ షాపులో చేశారు. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో మా వీధిలో సగం మంది పార్వతీపురం, బొబ్బిలి, శ్రీకాకుళం వాళ్ళే. 1930ల మొదట్లో విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా రైలుమార్గం పూర్తయ్యాక మనవాళ్ళు ఆ పట్టాల వెంబడే వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నారు. ఈ ఊరికి చెట్టు విలువ తెలుసు. సిల్తరా, ఉర్లా ఫ్యాక్టరీల నల్లటి ధూళి మేడమీద ఆరేసిన వడియాల మీద పడితే వేలితో గీసి చూసినవాళ్ళకి తెలియకేం! కలెక్టరేట్ దగ్గర పాత ప్రభుత్వ క్వార్టర్లున్న చోట, షాపింగ్ కాంప్లెక్సు కట్టుకోగలిగిన నడిబొడ్డు స్థలంలో, దాదాపు 19 ఎకరాల్లో చెట్లు పెంచి ఆక్సీజోన్ అన్నారు. అంత ఖరీదైన నేలని చెట్లకి వదలడానికి గుండె ఉండాలి. సాయంత్రమైతే తెలీబాంధా చెరువు చుట్టూ ఊరంతా నడుస్తుంది. పిల్లలు, ముసలివాళ్ళు, చాట్ బళ్ళు, అక్కడ ఎవరినీ ఎవరూ ఆపరు.

ఆసుపత్రుల విషయంలోనూ ఈ ఊరు చిన్నది కాదు. దావూ కల్యాణ్ సింగ్ ఆసుపత్రి 2000లో రాష్ట్రం పుట్టగానే సచివాలయమైపోయింది. సచివాలయం నవా రాయ్‌పూర్ వెళ్ళిపోయాక, 2018లో మళ్ళీ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిగా తెరుచుకుంది. నవా రాయ్‌పూర్‌లోనే సత్యసాయి సంజీవని ఉంది. 2012 నుంచి నడుస్తోంది. పసిపిల్లల గుండె ఆపరేషన్లు ఉచితం, డబ్బు కట్టే కౌంటరే లేదు. పుట్టపర్తి బాబా పేరు ఆ గోడ మీద చూసినప్పుడల్లా, ఇది మా తెలుగునేల నుంచి వచ్చిన పేరని పక్కవాళ్ళకి చెప్పుకుంటాను. మంత్రుల ఆఫీసుల్ని తిరిగి వార్డులుగా మార్చిన ఊరికి, పిల్లల గుండెకి డబ్బు అడగని ఊరికి, ఒక తోట గేటు గొలుసు విప్పడం అంత కష్టమా?

ఆ కోపంలో మా తోటికోడలితో "మా విశాఖ పెద్దాసుపత్రిలో ఇలా ఉండదు" అన్నాను. ఆమె భిలాయిలో పుట్టి పెరిగిన పిల్ల. "అక్కడ ఎలా ఉంటుందక్కా?" అని అడిగింది. 1923లో కట్టిన కేజీహెచ్ గురించి, కొండవాలు గురించి, సముద్రపు గాలి గురించి మొదలుపెట్టాను. ఇప్పుడక్కడ బ్లాకు మీద బ్లాకు, బైకుల వరసలు, అంబులెన్సులు. ఆ పోలిక ముందుకి సాగలేదు. నోరు కేజీహెచ్ అంటోంది కానీ నా మనసు అప్పటికే పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

మా తాతయ్యకి క్షయ వచ్చినప్పుడు అక్కడే ఉంచారు. నేను బాగా చిన్నదాన్ని. అమ్మ చారన్నం, ముద్దపప్పు క్యారియర్లో పెట్టుకుని నన్ను దూరంగా కూర్చోబెట్టేది, దగ్గరికి పోనిచ్చేది కాదు. తాతయ్య ఎప్పుడూ మంచం మీద ఉన్నట్టు నాకు గుర్తులేదు. సరుగుడు చెట్ల కింద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. పక్కన సాలూరు ఆయన ఒకడు, రాయగడ నుంచి వచ్చిన ఒడియా ఆయన ఒకడు. ముగ్గురూ దగ్గుకుంటూ వానల గురించి, వరి గురించి మాట్లాడుకునేవారు. ఆ ఒడియా ఆయనకి తెలుగు సరిగా రాదు, తాతయ్యకి ఒడియా అసలే రాదు, అయినా కబుర్లు ఆగేవి కావు. గాలి వీస్తే సరుగుడు ఆకులు హోరుమనేవి. తాతయ్య అటు చూసి నాకు చెయ్యి ఊపేవాడు. ఇంటికొచ్చాక ఆయన ఇంజెక్షన్ల గురించి ఎన్నడూ చెప్పలేదు, ఆ చెట్ల గురించే చెప్పేవాడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తాతయ్యని బతికించినవి మందులు. ఒకప్పుడు క్షయకి మందు లేక గాలినీ చెట్లనీ విశ్రాంతినీ మందుగా ఇచ్చేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం అలా పుట్టిందే. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నిలబెట్టాడు, ఎక్కడెక్కడి రోగులో ఆ కొండగాలి కోసం వచ్చి నెలల తరబడి ఉండేవారు. తర్వాత సరైన మందులొచ్చాయి. మద్రాసులో చేసిన ప్రయోగ ఫలితాలు 1959లో వచ్చాయి. మందులు క్రమంగా మింగితే ఇరుకింట్లో ఉన్నవాడికీ శానటోరియంలో ఉన్నవాడికీ ఒకేలా నయమవుతుందని తేలింది. పేదవాడికి అంతకన్నా మంచి కబురు లేదు. లక్షల మంది ఇల్లు వదలకుండా బాగుపడ్డారు. కానీ ఆ తర్వాత ఆసుపత్రులు కట్టేవాళ్ళ లెక్కలోంచి చెట్టు జారిపోయింది. క్షయని నయం చేయలేకపోయినంత మాత్రాన చెట్టు దేనికీ పనికిరానిదైపోదు. నొప్పి, భయం, నిద్రలేమి, ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ తల్లి గుండెదడ అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. వాటికి మా మరిది ఉన్న ఆసుపత్రిలో నాకు కనిపించిన ఏర్పాటు వరండాలో చాప పరుచుకోనివ్వడం ఒక్కటే.

మన ఊళ్ళలో ఆసుపత్రి తోట అంటే రోగికన్నా ముందు రోగి వెంట వచ్చినవాళ్ళది. క్లేర్ కూపర్ మార్కస్, మార్ని బార్న్స్ అనే ఇద్దరు 1995లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో నాలుగు ఆసుపత్రుల తోటల్లో కూర్చుని, ఎవరొస్తున్నారు, ఏం చేస్తున్నారు, వెళ్ళేటప్పుడు మనసెలా ఉంది అని చూసి, అడిగి రాసుకున్నారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మనసు తేలికపడిందన్నారు. అక్కడ పనిచేసే సిబ్బంది పెద్ద సంఖ్యలో వచ్చి కూర్చున్నారు. వాళ్ళు రాసిన సూచనలు మంచివి. కానీ అక్కడ చూడ్డానికి వచ్చినవాడు ఒక గంట ఉండి కారెక్కి ఇంటికి పోతాడు. మనవాడు రాత్రి అక్కడే పడుకుంటాడు. వండుకుంటాడు, ఉతుక్కుంటాడు, చెట్టుకి తాడు కట్టి తువ్వాలు ఆరేస్తాడు, పొద్దున్నే కుళాయి దగ్గర గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకుంటాడు. అంచేత మన ఆసుపత్రి తోటకి కొలత వేరే ఉండాలి.

పైనుంచి పేరు పిలిస్తే వినపడాలి. ఇది ఎవరూ పట్టించుకోని సంగతి. "ఫలానా పేషెంట్ తాలూకు ఎవరు?" అన్న కేక ఎప్పుడొస్తుందో తెలియక ఐసీయూ బయట నేల మీద కూర్చున్నవాళ్ళు గంటల తరబడి కదలరు, మూత్రానికి కూడా వెళ్ళరు. వాళ్ళకి ఎంత అందమైన తోట ఇచ్చినా, అది ఆ కేకకి దూరంగా ఉంటే రారు. చెట్టు కింద ఒక మైకు, ఒక పేర్ల బోర్డు పెట్టండి, అప్పుడు వస్తారు.

నీడ ముందు, పచ్చిక తర్వాత. రాయ్‌పూర్ మే నెలలో, ఇక్కడివాళ్ళు నౌతపా అనే ఆ చివరి ఎండల్లో, పచ్చిక మీద ఎవరు కూర్చుంటారు? దానికి పోసే నీళ్ళు పది చెట్లకి సరిపోతాయి. స్తంభాల్లా నిలువుగా పెరిగే అశోకచెట్లు వరసగా వేస్తారు, వాటి కింద పిల్లి కూడా పడుకోలేదు. కానుగ వేయాలి. ఏప్రిల్ వచ్చేసరికి కొత్త ఆకు తొడిగి, అసలు ఎండ ముదిరేసరికి చిక్కటి నీడ సిద్ధం చేసుకుంటుంది. వేప, పొగడ, కదంబం ఉన్నాయి. రేల పూసినప్పుడు పసుపు గుత్తులు మూడో అంతస్తు కిటికీ దాకా కనిపిస్తాయి. చలికాలం మొదట్లో రాత్రిపూట ఘాటుగా పూసే ఏడాకుల చెట్టు మాత్రం ఊపిరాడనివాళ్ళ వార్డు దగ్గర వద్దు. కీమో చేయించుకునేవాళ్ళకి మల్లె వాసనకి కూడా కడుపులో తిప్పుతుంది, వాళ్ళ కిటికీ ముందు వాసన లేని పచ్చదనం ఉంటే చాలు. ఆ తాళం వేసిన తోటలో గులాబీల వెనక గన్నేరు వరస ఉంది. ఆకు నుంచి వేరు దాకా విషం. చిన్నపిల్లలు తిరిగే చోట అది నాటారు, కానుగ కిందికి మాత్రం మనుషుల్ని పోనివ్వరు.

బెంచీకి చేతులుండాలి. పొట్ట కోసినవాడు కూర్చుని లేవాలంటే రెండు పక్కలా పట్టు కావాలి. మా మరిదిని ఆ సిమెంటు పలక మీద కూర్చోబెట్టనిచ్చినా లేపడానికి ఇద్దరం కావాల్సి వచ్చేది. బాట మీద చక్రాల కుర్చీ గతుకుల్లేకుండా పోవాలి, గేటులోంచి స్ట్రెచర్ పట్టాలి. నీళ్ళు నిలిచే ఫౌంటెన్లు వద్దు, డెంగీ దోమకి అంత చోటు చాలు. గిన్నెలు కడుక్కునే కుళాయి, చెత్తడబ్బా, మరుగుదొడ్డి, రాత్రి ఒక లైటు. ఒకరికొకరు ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి, ఒక్కరే కూర్చుని ఏడవడానికి ఒకటి. ఈ రెండోది మరీ ముఖ్యం. మెట్ల కింద, జనరేటర్ గది వెనక నిలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చే ఆడవాళ్ళని ప్రతి ఆసుపత్రిలో చూస్తాను.

నర్సుల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మా వార్డులో ఒక సిస్టరమ్మ, పాలకొండ అమ్మాయి, నా మాట విని "మీరు మనవాళ్ళేనా అమ్మా?" అంటూ వచ్చింది. నైట్ డ్యూటీలో ఆమె టిఫిన్ బాక్సు తెరిచింది మందుల ట్రాలీ పక్కన, నిలబడి. రెండు ముద్దలు తినేలోపు ఎవరో పిలిచారు. అంతమందిని చూసుకునే పిల్లకి పావుగంట ఆకాశం కింద కూర్చునే చోటు లేదు. సిబ్బందికి వేరేగా, రోగులు కనిపించని మూల ఒక చెట్టు, ఒక బల్ల కావాలి. అందరి మధ్యా కూర్చుంటే ఎవరో ఒకరు రిపోర్టు పట్టుకుని వచ్చేస్తారు. తుడిచేవాళ్ళకీ, స్ట్రెచర్ తోసేవాళ్ళకీ అదే చెట్టు.

తాళం వేసేవాళ్ళ వాదన కూడా విన్నాను. తీరిక చేసుకుని ఆఫీసులో ఒక పెద్దమనిషిని అడిగాను, ఓపిగ్గానే చెప్పారు. ఆవులు లోపలికొస్తాయి. జనం గుట్కా ఉమ్మేస్తారు, అన్నం పారేస్తారు, ఎలకలు వస్తాయి. తనిఖీలో మార్కులు పోతాయి. ఆ చివరి మాట నిజమే. కేంద్రం 2015లో ప్రభుత్వాసుపత్రుల శుభ్రత కోసం పెట్టిన కాయకల్ప్ పథకం మార్కుల పట్టికలో తోటలకి కంచె ఉండాలని ఒక అంశం ఉంది, మూలికల తోట ఉండాలని ఇంకో అంశం. ఆ పథకం వచ్చాక ఎన్నో ఆసుపత్రులు బాగుపడ్డాయి, దాన్ని తప్పుపట్టను. కానీ కంచె ఆవుల కోసం. అందులో గేటు మనుషుల కోసం. మార్కుల పట్టిక గొలుసు అడగలేదు, తాళం అడగలేదు. తోటలో ఎంతమంది కూర్చున్నారు అని ఒక్క వరస ఆ పట్టికలో చేరిస్తే దేశంలో సగం తాళాలు ఆ ఏడే ఊడిపోతాయి. ఉమ్మడం మాటకొస్తే, కుళాయీ చెత్తడబ్బా లేని చోట జనం మురికి చేస్తారు, ఉన్నచోట ఎక్కువమంది చేయరు. తెలీబాంధా గట్టు మీద ఇదే జనం ఇదే ఊళ్ళో ఎంత పద్ధతిగా నడుస్తారో వెళ్ళి చూడమన్నాను.

సింగపూర్‌లో 2010లో తెరిచిన ఖూ టెక్ పువాట్ ఆసుపత్రిలో మిద్దెల మీద కూరగాయలు పండిస్తారు, చుట్టుపక్కల జనం ఊరికే వచ్చి కూర్చుని పోతారు. అది డబ్బున్న దేశం అంటారా? హైదరాబాదు చూడండి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. విన్సెంట్ ఎష్ గీసిన పాత భవనం ఆ వరద తర్వాత కట్టిందే, చెట్టు అంతకన్నా ముందు నుంచీ అక్కడే ఉంది. ఆనాడు ఆ చెట్టు చుట్టూ తాళం వేసిన కంచె ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

మా కాలనీలో మనవాళ్ళకి దానగుణం ఉంది. పోయినవాళ్ళ పేరు మీద గుడికి ఫ్యాన్లు ఇస్తారు, గోడ మీద పేరు రాయిస్తారు. ఈసారి ఆ డబ్బు చేతులున్న బెంచీలకీ కానుగ మొక్కలకీ ఇద్దామని ఆదివారం అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. మా మరిది కుట్లు పచ్చిగా ఉన్నా వచ్చి కూర్చున్నాడు. మొక్కలకి ఎవరైనా ఇస్తారు, మొదటి రెండు వేసవులు నీళ్ళు పోసే మనిషి జీతం ముందు పోగుచేయాలన్నది అతని మాట, అది అందరికీ నచ్చింది. వ్యవసాయ విశ్వవిద్యాలయం నర్సరీలో మొక్కలు అడుగుతాం. వానలు పడ్డాక చూద్దాంలే అన్నవాళ్ళూ ఉన్నారు. జూన్ చివర మొక్క పెట్టాలంటే గుంతలు ఈ మే నెలలోనే తవ్వి ఎండబెట్టాలి. గుంతలు తవ్వాలంటే గేటు తెరవాలి. అర్జీ హిందీలో రాశాం, గొలుసు సంగతి మొదటి వాక్యంలోనే పెట్టాం, సోమవారం పొద్దున్న పట్టుకెళ్తున్నాం.